ఓడలో రోలు కోసం కాకినాడ దాకా

మా జగ్గయ్యపేటకు సముద్రం దగ్గరేమీ కాదు. పెద్ద నీళ్లంటే మాకు కృష్ణ, లేకపోతే సాగర్ కాలువ. అయినా రెండు వేల నాలుగో సంవత్సరం మాఘమాసంలో ఒక మంగళవారం, తెల్లవారి అయిదున్నరకు, నేనూ కోటయ్యా ఒక ఖాళీ గోనెసంచి, ఒక మోకు పట్టుకుని పేట బస్టాండులో నిలబడ్డాం. కాకినాడ వెళ్లి ఒక ఓడను సాగనంపి రావాలని నా కోరిక. ఆ ఓడలోంచి తన రోలు తెచ్చుకోవాలని కోటయ్య కోరిక.

నేను నందిగామలో నీటిపారుదల శాఖ డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. కాలువల పటాలు గీసిన చెయ్యి ఊరికే ఉండక ఓడల బొమ్మల మీదికి మళ్లింది. ఈ పిచ్చి అంటించింది కోటయ్య టిఫిన్ హోటలు. అక్కడ గోడ మీద దేవుళ్ల పటాల వరుసలో చివర ఒక ఓడ ఫొటో ఉంటుంది. దానికీ రోజూ అగరుబత్తి వెలుగుతుంది. సముద్రం మధ్య చమురు బావులు తవ్వేవాళ్లకు పైపులు, మంచినీళ్లు, బియ్యం మోసుకెళ్లే సరఫరా ఓడ అది. పేరు జలమల్లి. ముందు భాగం మేడలా ఎత్తుగా, వెనకంతా లారీ తొట్టిలా బల్లపరుపుగా ఉంటుంది. వెనక కుడివైపు ఒక పచ్చ క్రేను. హోటలు మూసేదాకా కూర్చుని ఆ ఫొటో చూసి ఓడను అన్ని వైపుల నుంచీ గీశాను.

కాకినాడలో ఇదే పిచ్చి ఉన్న రిటైర్డ్ లెక్చరర్ మూర్తిగారు ఉన్నారు. ఏ సరఫరా ఓడ ముసలిదైంది, ఏది అమ్ముడుపోయింది, ఏది ముక్కలు కావడానికి గుజరాత్ ఒడ్డుకు పోయింది అని మేమిద్దరం కార్డులు రాసుకునేవాళ్లం. మా ఆవిడ వాటిని "చావు కబుర్లు" అనేది. ఆ మంగళవారానికి ముందు ఆదివారం మాత్రం కార్డు కాదు, ఫోనే వచ్చింది. "జలమల్లి ఇక్కడే ఉందండీ. అమ్మేశారు. బుధవారం మధ్యాహ్నం పోటుకు గుజరాత్ బయల్దేరుతుంది. చూడాలంటే ఇదే ఆఖరు."

ఈ మాట కోటయ్యకు చెబితే చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. అతను ఆ ఓడలో చాలా ఏళ్లు వంట చేశాడు. చేరిన కొత్తలో సముద్రం మీద పచ్చడికి రుచి లేదని, ఇంటికొచ్చి వాళ్లమ్మ రోలు మోసుకెళ్లాడు. కెరటాలకు దొర్లిపోకుండా ఇంజను రూము వాళ్లు దానికి ఇనప పట్టీ వేసి, నాలుగు బోల్టులతో వంటగది నేలకు బిగించారు. తర్వాత కడుపునొప్పి వచ్చి కోటయ్యను ఉన్నపళాన ఒడ్డుకు చేర్చి ఆపరేషన్ చేశారు. మళ్లీ ఓడ ఎక్కలేదు. రోలు దిగలేదు. ఈలోగా వాళ్లమ్మ పోయింది. కోటయ్య భార్య సుగుణమ్మ ఎవరు టిఫినుకొచ్చినా అనే మాట ఒకటుంది. "అత్తయ్య రోలు తీసుకెళ్లి సముద్రంలో పెట్టొచ్చిన మొనగాడండీ మా ఆయన!" ఊళ్లో అసలు ఆ ఓడనే నమ్మినవాళ్లు తక్కువ, ఇక రోలును ఎవరు నమ్ముతారు.

ఆరింటికి కోదాడ వైపు నుంచి వచ్చిన విజయవాడ బస్సు ఎక్కాం. పక్క సీట్లో తలపాగా పెద్దాయన మా గోనెసంచి చూసి ఏం తేబోతున్నారని అడిగాడు. కోటయ్య మొత్తం కథ చెప్పాడు. ఆయన నందిగామ దాటేదాకా ఆలోచించి, "ఓడల రోలేందయ్యా? పొద్దుగాల్నే నేనే దొరికిన్నా?" అన్నాడు.

"చూశారా అన్నయ్యగారూ," అని కోటయ్య నావైపు తిరిగి మూతి ముడుచుకున్నాడు.

విజయవాడ స్టేషను దగ్గర ఇడ్లీ తిన్నాం. పచ్చడి నాలిక మీద పెట్టుకుని కోటయ్య "మిక్సీ" అన్నాడు, పోలీసు దొంగను గుర్తుపట్టినట్టు. తొమ్మిది దాటాక కాకినాడ పాసింజరు. మా వెనక వెళ్లేవారికి ఒక సలహా: కిటికీ సీటు కుడివైపు తీసుకోకండి, మధ్యాహ్నానికి ఎండ మొహం మీద పడుతుంది. సాయంత్రం దిగి స్టేషనుకు ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకున్నాం. దోమతెర అడిగితే ఇస్తారు, అడగాలి.

బుధవారం ఎనిమిదింటికి మూర్తిగారు మెడలో దుర్భిణీతో వచ్చారు. ముందే అడిగి ఉంచిన పాసులతో మమ్మల్ని రేవు లోపలికి తీసుకెళ్లారు. గట్టును ఆనుకుని రెండు సరఫరా ఓడలు పక్కపక్కన కట్టేసి ఉన్నాయి. ఒకే యార్డులో కట్టిన అక్కచెల్లెళ్లు. రెండింటికీ రంగు పోయింది. రెండింటి మీదా పేరు తుప్పులో కలిసిపోయింది.

"ఏదండీ మనది?" అన్నారు మూర్తిగారు.

నేను తడుముకోలేదు. గట్టు పక్కదానికి వెనక కుడివైపు పచ్చ క్రేను. రెండో దానికి లేదు. "క్రేను ఉన్నదే జలమల్లి. నేను దాన్ని గీసినన్ని సార్లు కట్టినవాళ్లు కూడా గీసి ఉండరు," అన్నాను.

కోటయ్య తల ఊపాడు. "మీరే చెప్పాలి. నేను లోపలి మనిషినండీ, దాన్ని బయట నుంచి ఎప్పుడు చూశాను?"

క్రేను ఉన్న ఓడ ఎక్కాం. వంటగదిలోకి అడుగు పెడుతూనే కోటయ్య నేల మీదికి వంగాడు. రోలు లేదు. బోల్టుల కన్నాలూ లేవు. పొయ్యి గట్టు మీద తెల్ల మిక్సీ ఒకటి ఉంది. అతను అక్కడే గోనెసంచి పరుచుకుని కూర్చుండిపోయాడు. "అయిపోయిందండీ. కన్నాలు కూడా పూడ్చేశారు. సుగుణకు ఏ మొహం చూపించను?"

వంటవాడు కుర్రవాడు. ఉల్లిపాయలు తరగడం ఆపి సంగతి విన్నాడు, విని పగలబడి నవ్వాడు. "బాబాయ్, ఆ క్రేను పోయిన నెల దాన్నుంచి పీకి దీనికి పెట్టారు. మా ఓడ ఇంకా పని చేస్తుంది. ముక్కలయ్యేది పక్కది!"

మూర్తిగారు దుర్భిణీ తుడుచుకోవడం మొదలుపెట్టారు. నా మొహం చూడకుండా ఉండటానికని నాకు తెలుసు. అమ్మేసే ఓడ మీది పనికొచ్చే సామాను చెల్లెలి ఓడకు తగిలిస్తారన్న సంగతి ఆయనకు నేనే ఒకసారి కార్డులో రాశాను.

"పోన్లెండి అన్నయ్యగారూ," అన్నాడు కోటయ్య లేస్తూ. "మీరు క్రేను గీశారు. నేను ఓడలో ఉన్నాను. ఇద్దరం కలిసి తప్పు ఓడ ఎక్కాం."

రెండు ఓడల మధ్య వేసిన చెక్క మీదుగా పక్క ఓడలోకి దాటాం. అక్కడ వంటగది మూలన, ఇనప పట్టీలో, రోలు ఉంది. దాని ముందు సింహాచలం అనే శ్రీకాకుళం వంటవాడు బకెట్‌తో నానబెట్టిన మినప్పప్పు పెట్టుకుని కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పాం.

"ఏటి బావూ, ఇప్పుడొచ్చి రోలు పీకేత్తే ఎలాగ? పదిమందికి గారెలు ఒండాల. ఈ రేవుల ఇదే కడాపటి టిఫినీ."

కోటయ్య చొక్కా విప్పి నా చేతికిచ్చాడు. "లే తమ్ముడూ. పప్పు నేను రుబ్బుతా. తర్వాత రోలు నాది."

"రేపట్నుంచి మాకేటి?"

"ఉప్మా."

సింహాచలం కాసేపు అతణ్ణి ఎగాదిగా చూశాడు. "ఈ రోలుని ఇందల ఎట్టినోడివి నువ్వేటి?" అని లేచి పక్కకు జరిగాడు.

కోటయ్య రుబ్బుతుంటే నేను బోల్టుల మీద కిరసనాయిలు పోశాను. గుజరాత్ దాకా ఓడను నడిపే ఇంజను మనిషి స్పానరు తెచ్చాడు. పిండి అయ్యేసరికి పదకొండు. మూడు బోల్టులు వచ్చాయి. నాలుగోది రాలేదు. ఓడను రేవు దాటించే పైలట్ పైకెక్కాడని కేక వినిపించింది. తాళ్లు విప్పుతున్నారని ఇంకో కేక. ఇంజను మనిషి స్పానరు పారేసి రంపపు బ్లేడు అందుకున్నాడు. కోటయ్య రోలును రెండు చేతులా వాటేసుకుని, "కొయ్యి నాయనా, కొయ్యి," అంటూ కూర్చున్నాడు. ఓడ బయల్దేరితే ఇతణ్ణి రోలుతో సహా గుజరాత్ తీసుకుపోతారేమోనని నాకు నిజంగానే భయం వేసింది.

బోల్టు తెగింది. కానీ ఆ బరువును మోసుకుని చెక్క దాటడం మా వయసు వాళ్ల వల్ల అయ్యే పని కాదు. అప్పుడు పక్క ఓడ నుంచి కుర్ర వంటవాడు అరిచాడు: "క్రేను ఉందిగా బాబాయ్!"

టన్నుల పైపులు ఎత్తే ఆ పచ్చ క్రేను, నన్ను బోల్తా కొట్టించిన ఆ క్రేనే, వల కిందికి దించింది. అందరం కలిసి వంటగదిలోంచి దొర్లించుకొచ్చి వలలో రోలు, పొత్రం, గోనెసంచి వేశాం. రెండు ఓడల వాళ్లూ పని ఆపి చూస్తుండగా కోటయ్య వాళ్లమ్మ రోలు ఆకాశంలోకి లేచి, ఒక చుట్టు తిరిగి, గట్టు మీద మెత్తగా దిగింది. ఎవరో ఈల వేశారు. సింహాచలం కాగితంలో నాలుగు వేడి గారెలు చుట్టి చేతిలో పెట్టి, మమ్మల్ని తోసినట్టే చెక్క దాటించాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు జలమల్లి కదిలింది. మూర్తిగారు చెయ్యి ఊపారు. ఓడ కోసం వచ్చిన నేను, నూనె మరకల రోలు పక్కన కూర్చుని దాని అంచు నున్నదనం చూస్తున్నాను. రోలు కోసం వచ్చిన కోటయ్య గట్టు చివరిదాకా వెళ్లి, ఓడ పొగ కూడా కనుమరుగయ్యేదాకా నిలబడ్డాడు. "బయట నుంచి ఎంత బాగుందండీ," అన్నాడు వెనక్కి వచ్చి.

రాత్రి రైల్లో కూలీల సాయంతో ఎక్కించి, తెల్లవారి విజయవాడలో దిగి పేట బస్సు ఎక్కాం. కండక్టరు రోలు చూసి, "లగేజీ టికెట్టు కొట్టమంటారా, సీనియర్ సిటిజనా?" అన్నాడు. బస్సు కిక్కిరిసి ఉంది. చందర్లపాడు వెళ్లే ఒకావిడ, నిలబడలేక, అడగకుండానే రోలు చుట్టిన గోనె మీద కూర్చుంది. కోటయ్య గారెల పొట్లం ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. మూడు తిన్నాం. ఒకటి సుగుణమ్మకు.

ఎన్నో ఓడల కబుర్లు కార్డుల మీద రాసుకున్నాను గానీ, ముక్కలు కాబోయే ఓడలోంచి ఒక ముక్కను ఇంటికి తెచ్చింది మాత్రం ఈ ఒక్కసారే. అదీ ఓడ కట్టినవాళ్లు పెట్టని ముక్క.

నందిగామలో దిగుతూ చందర్లపాడు ఆవిడ గోనె తొలగించి తట్టి చూసింది. "మంచి రాయి అన్నయ్యా. ఎక్కడిది?"

కోటయ్య నోరు తెరిచాడు. సముద్రం, చమురు బావులు, బోల్టులు, క్రేను, అన్నీ ఇప్పుడు వరసగా వస్తాయని నేను సీట్లో సర్దుకుని కూర్చున్నాను.

"మా అమ్మదమ్మా," అన్నాడు.

ఆవిడ తల ఊపి దిగిపోయింది. ఒక్క ముక్క కూడా అనుమానించలేదు.