నాలుగో నంబరు చొక్కా

ఫైనల్ ఆట సాయంత్రం నాలుగింటికి. నేను మూడుంపావుకే గ్రౌండుకు వెళ్ళాను. స్కోరు రాసే మనిషి ఆటగాళ్ళకంటే ముందు రావాలని నా నియమం. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాక, మా తిరువూరులో ఏటా జరిగే ఫుట్‌బాల్ పోటీలకు పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. జట్టుకు ఏడుగురు, సగానికి ఇరవై ఐదు నిమిషాలు. నన్ను అడిగింది డ్రిల్లు మాస్టారు. ఆయనా రిటైరయ్యారు, పోటీల కమిటీ అంటే ఆయనే. "ఆట గురించి మీకేం తెలియక్కర్లేదండి, నిమిషమూ నంబరూ రాస్తే చాలు" అన్నారు. ఆరేళ్ళుగా రాస్తున్నాను. ఇప్పుడు ఆట కూడా కొంత తెలుసు.

ఆ రోజు ఫైనల్ మా ఊరికీ గంపలగూడేనికీ. నా టేబులుకు పైన షామియానా వేశారు. దాని పక్కనే టీ బండి. అక్కడ అరవై, డెబ్భై మంది చేరి ఒకటే మాట మీద కొట్టుకుంటున్నారు: పంచరు షాపతన్ని ఆడనిస్తారా, లేదా?

అతను బస్టాండు దగ్గర పంచర్లు వేస్తాడు. వయసు ఇరవై ఆరు. మా జట్టులో వెనక నిలబడి అడ్డుకునే ఆటగాడు. పోయిన ఏడాది సెమీఫైనల్లో, ఇదే గంపలగూడెం మీద, జోరు వానలో, చివరి నిమిషాల్లో గోలు ముందు ఏడెనిమిది మంది ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. లేచి చూసేసరికి వాళ్ళ గోల్‌కీపరు మణికట్టు విరిగింది. బురదలో ఎవరి ముఖమూ ఆనవాలు పట్టేట్టు లేదు. రిఫరీ బయటి ఊరినుంచి వచ్చినాయన, ఎవరినీ ఎరగడు. ఆట ముగిశాక తడిసిన చీటీ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. "నాలుగో నంబరు, ఎర్ర కార్డు, నలభై తొమ్మిదో నిమిషం." నా పుస్తకంలో నాలుగో నంబరుకు ఎదురుగా ఉన్నది పంచరు షాపతని పేరు. ఆ పేరు రాసి ఇచ్చాను. కమిటీ ఒక సంవత్సరం నిషేధం వేసి, మైకులో చెప్పింది.

ఈ ఏడాది అతను ఒక్క ఆటా ఆడలేదు. ఫైనల్ ముందు రోజు మా జట్టులో ఒకతను జ్వరంతో పడ్డాడు. వెనక నిలబడే మనిషి కావలసివచ్చి కెప్టెన్ ఇతన్ని పిలిపించాడు.

"వాడు దిగితే మావాళ్ళు దిగరు, రాసిపెట్టుకోండి" అన్నాడు రిటైర్డ్ కండక్టరు. ఆయనది గంపలగూడెం. తొమ్మిది ఆటోల నిండా మనుషుల్ని వెంటేసుకొచ్చాడు.

"దిగకపోతే కప్పు మాకిచ్చి పొండి. మోసుకెళ్ళే ఆటో మేమే మాట్లాడుకుంటాం" అన్నాడు మా ఊరి ఫొటోస్టాట్ షాపాయన.

"చేతులు విరగ్గొట్టి గెలవడం మీకు అలవాటేగా."

"ఏం గెలిచామయ్యా బాబూ? పోయినేడు గెలిచింది మీరేగా!"

"ఒంటిచేత్తో గెలిచాం. అదీ మా కీపరంటే."

అందరూ నవ్వారు. నవ్వు ఆగేలోపే కండక్టరు లేచి నిలబడి, బెంచీ మీద కాలు పెట్టి చూపించాడు. "కళ్ళారా చూశానయ్యా నేను. కిందపడ్డ మనిషి చెయ్యి మీద మడమ పెట్టి ఇట్లా తొక్కాడు. ఇట్లా!" బెంచీ కదిలి పక్కాయన టీ ఒలికింది.

"ఆ వానలో నీకు నీ చెప్పులే కనపళ్ళేదు. గొడుగు నీదా నాదా అని అరగంట కొట్టుకున్నాం మనం."

"కనపడిందంటున్నాగా!"

"సరేనయ్యా, తొక్కాడు. అయితే ఏంటంట? టీవీలో చూడట్లా? కోట్లు తీసుకునేవాళ్ళు తన్నుకోవట్లేదా, గాలి తగిలితే పడి దొర్లట్లేదా? మళ్ళీ వాళ్ళ బొమ్మలే చొక్కాల మీద ఏసుకు తిరుగుతారు. మావోడొక్కడే రౌడీయా?"

"అందరూ రౌడీలని నేనన్లా. మీ సెల్ షాపు కుర్రాణ్ణి అన్నానా? నాలుగాటల్లో ఆరు గోల్స్ కొట్టాడు, ఒక్క కార్డు లేదు. ఆటంటే అది."

"మరి! వాడు బంగారం" అన్నాడు ఫొటోస్టాట్ షాపాయన. ఆ ఒక్క మాట దగ్గర ఇద్దరికీ సయోధ్య కుదిరింది.

పంచరు షాపతను అక్కడికి పది అడుగుల దూరంలో తన మోటారు బండి మీద కూర్చుని ఉన్నాడు. బూట్లు హ్యాండిల్‌కు వేలాడుతున్నాయి. ఎదుటివాళ్ళు తొక్కాడన్నారు, సొంత ఊరివాళ్ళు తొక్కితే ఏంటన్నారు. తొక్కలేదని మాత్రం ఎవరూ అనలేదు. అతను తల వంచుకుని బూటు లేసు ముడి విప్పుతున్నాడు, మళ్ళీ వేస్తున్నాడు.

మూడున్నరకు డ్రిల్లు మాస్టారు నా దగ్గరకు వచ్చారు. వెనకే మా కెప్టెన్, కండక్టరు, గంపలగూడెం కీపరు, మరో పదిమంది. కీపరు మామిడి తోటల్లో పనిచేస్తాడు. ఆ చేత్తో మూడు నెలలు గంప ఎత్తలేకపోయాడని నాకు తెలుసు.

"టీచర్ గారూ, సంవత్సరం నిషేధం అయిపోయిందా లేదా, మీరే తేల్చండి. మీరు ఎంతంటే అంత" అన్నారు మాస్టారు.

"అయిపోయిందండి. పోయినేడు ఈ ఆదివారమే ఆ సెమీస్" అన్నాడు కెప్టెన్.

నిజమే, ఈసారి పోటీలు ఒక వారం ముందుగా మొదలయ్యాయి. కాని ఆదివారం నుంచి ఆదివారానికి లెక్క వేస్తే యాభై రెండు వారాలు. యాభై రెండును ఏడుతో హెచ్చిస్తే మూడువందల అరవై నాలుగు రోజులు. పాత పుస్తకం సంచిలోంచి తీసి తేదీ చూశాను. వారం అదే, తేదీ ఒకటి తక్కువ.

"ఒక రోజు తక్కువైంది. సంవత్సరం రేపటికి పూర్తవుతుంది" అన్నాను.

కండక్టరు చప్పట్లు కొట్టాడు. ఫొటోస్టాట్ షాపాయన జనాన్ని తోసుకుని వచ్చాడు. "ఒక్క రోజండీ! ఒక్క రోజుకి మనిషిని కూర్చోబెడతారా? మీరు మన ఊరివాళ్ళేనా అసలు?"

"లెక్కకు ఊరు ఉండదు" అన్నాను.

అలా అన్నందుకు కొంత గర్వంగా కూడా ఉంది నాకు. పంచరు షాపతని వైపు చూశాను. అతను బండి దిగి బూట్లు హ్యాండిల్‌కు తిరిగి తగిలిస్తున్నాడు. వెళ్ళిపోయే మనిషిలా ఉన్నాడు.

పుస్తకం మూయబోతూ పేజీ తిప్పాను. వెనకవైపు పెన్సిలుతో నా చేతిరాత. ఆ రోజు వానకు పేజీ తడిసి పెన్ను అలుక్కుపోతుంటే, మార్పులన్నీ వెనకవైపు రాసుకున్నాను. అందులో మూడో వరుస: "31వ ని. 4 బయటికి, కాలు పట్టేసింది. బదులు—" అని, పక్కన ఒక పేరు. అది సెల్ షాపు కుర్రవాడి పేరు.

పోయిన ఏడాది మా జట్టుకు చొక్కాలు ఏడే, మనుషులు తొమ్మిది మంది. బయటికొచ్చినవాడు గీత దగ్గరే చొక్కా విప్పి లోపలికి వెళ్ళేవాడికి ఇచ్చేవాడు. ప్రతి ఆటలోనూ చూసేవాళ్ళం, ఎవరికీ వింతగా ఉండేది కాదు. ముప్పై ఒకటో నిమిషం నుంచి నాలుగో నంబరు చొక్కాలో ఉన్నది వేరే మనిషి. నలభై తొమ్మిదో నిమిషానికి పంచరు షాపతను గీత బయట కూర్చుని పద్దెనిమిది నిమిషాలైంది. రిఫరీ నంబరు చెప్పాడు. ఆ నంబరును పేరుగా మార్చింది నేను. ఆట మొదట్లో రాసుకున్న జాబితా చూసి మార్చాను, పేజీ తిప్పలేదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. ఆ మర్నాడు ఉదయం అతను మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీదే నిలబడ్డాడు. "టీచర్ గారూ, అప్పటికి నేను బయటే ఉన్నానండి. ఒక్కసారి చూస్తారా?" అన్నాడు. "పుస్తకంలో నీ పేరుంది, పుస్తకం అబద్ధం చెప్పదు" అన్నాను. పుస్తకం అప్పుడు లోపల బీరువాలో ఉంది. తెరవలేదు.

అతను చెప్పాడు సరే, అతని జట్టు ఎందుకు చెప్పలేదు? తలెత్తి కెప్టెన్‌ను చూశాను. నా వేలు ఏ వరుస మీద ఉందో అతను చూస్తున్నాడు. వంగి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు: "మేడమ్, ఆట అయ్యాక మాట్లాడుకుందాం. మీ కాళ్ళు పట్టుకుంటా."

"నీకు తెలుసా?"

"జట్టులో అందరికీ తెలుసండి. వెనక ఆడేవాడు పోతే ఇంకొకడు దొరుకుతాడు. గోల్ కొట్టేవాడు ఎక్కడ దొరుకుతాడండీ?"

టైము మూడూ యాభై. సెల్ షాపు కుర్రవాడు గోలు దగ్గర బంతి తంతున్నాడు, ప్రతి తన్నుకూ జనం కేక వేస్తున్నారు. ఇప్పుడు పైకి చదివితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను వేసిన లెక్కే అతనికీ వర్తిస్తుంది. నిషేధం అతనిదైతే, అతనికీ ఒక రోజు తక్కువే. ఫైనల్లో మా ఊరికి గోల్ కొట్టేవాడుండడు. చదవకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"అతన్ని ఆపండి" అని గట్టిగా అన్నాను. తరగతిలో వాడిన గొంతు అది, నాకు ఇంకా ఉన్నట్టు తెలియదు. బండి ఆగింది.

పేజీ మాస్టారి వైపు తిప్పి, మూడో వరుస చదివాను. పేరుతో సహా.

ముందు కండక్టరే తేరుకున్నాడు. "ఆఁ, పెన్సిలు రాత! ఎప్పుడైనా రాసుకోవచ్చు. నేను కళ్ళారా..."

"నువ్వూరుకో బాబాయ్" అన్నాడు వాళ్ళ కీపరు. గ్రౌండులోకి చేయి ఊపి సెల్ షాపు కుర్రవాణ్ణి పిలిచాడు. అతను నవ్వుతూ వచ్చాడు. టేబులు చుట్టూ ఉన్న ముఖాలు చూసి నవ్వు ఆపేశాడు.

"పోయినేడు ఆ చొక్కాలో ఉంది నువ్వా?" అన్నాడు కీపరు.

కుర్రవాడు కెప్టెన్ వైపు చూశాడు. కెప్టెన్ నేల చూశాడు.

"కావాలని కాదన్నా. జారాను. నీ చెయ్యి కింద ఉందని తెలీలేదు. చెప్పొద్దన్నారు."

"ఏడాదంతా వాణ్ణి తిట్టాను రా నేను" అన్నాడు కీపరు. "వాడి షాపు ముందునుంచి పోతూ ఉమ్మేసేవాణ్ణి."

మాస్టారు ఇద్దరు కెప్టెన్లనూ పక్కకు తీసుకెళ్ళి మాట్లాడారు. సెల్ షాపు కుర్రవాడు ఈ రోజు కూర్చోవాలి, పంచరు షాపతను ఆడవచ్చు, గడిచిన ఆటలు గడిచినట్టే. కండక్టరు గొణిగాడు కాని కీపరు ఒప్పుకున్నాడు.

నేను పాత పేజీలో పంచరు షాపతని పేరు కొట్టేసి, "పొరపాటు నాది" అని రాసి సంతకం చేశాను. అతన్ని పిలిచి చూపించాను. చూశాడు.

"ఈ పుస్తకం ఎవరు చదువుతారండీ?" అన్నాడు. గొంతు పెంచలేదు. "పోయినేడు మైకులో చెప్పారు. మా అమ్మ ఇంట్లో కూర్చుని వింది."

మాస్టారు నా వైపు చూశారు. "ఇప్పుడు మైకులో అంటే... జనం ఇప్పటికే వేడి మీద ఉన్నారండి. రాళ్ళు పడినా పడతాయి. రేపు కాగితం మీద రాసి బస్టాండులో అంటిద్దాం."

"మైకు ఇవ్వండి" అన్నాను.

ఇంతవరకు నేను మైకులో మాట్లాడింది లేదు. మొదటి రెండు మాటలకు అది కూత పెట్టింది. చెప్పవలసింది నాలుగు వాక్యాల్లో చెప్పాను: పోయిన ఏడాది ఎర్ర కార్డు అతనిది కాదు, ఆ నిమిషానికి అతను గ్రౌండులోనే లేడు, పేరు తప్పు రాసింది నేను, అతను చెప్పినా వినలేదు. అతని పేరు రెండుసార్లు పలికాను. సెల్ షాపు కుర్రవాడి పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేకపోయింది, అతను చొక్కా విప్పి బెంచీ మీద కూర్చోవడం అందరూ చూశారు.

మా ఊరివైపు నుంచి పెద్ద గోల లేచింది. ఒక నీళ్ళ ప్యాకెట్టు వచ్చి షామియానా గుంజకు తగిలింది. "టీచరమ్మ గంపలగూడెంలో పుట్టిందిరా!" అని ఎవడో అరిచాడు. నేను పుట్టింది పెనుగొలనులో. అది గంపలగూడెం మండలమే.

ఆట నాలుగూ ఇరవై రెండుకు మొదలైంది. పంచరు షాపతను బాగా ఆడాడు అనడానికి నాకు అర్హత లేదు. రెండుసార్లు గోలు గీత మీదనుంచి బంతిని తన్నేశాడు. అంతవరకు రాశాను. నలభై నాలుగో నిమిషంలో వాళ్ళు గోలు వేశారు. మావాళ్ళు తిరిగి వేయలేకపోయారు. ఒకటి–సున్న.

"ఒక్క రోజు ఆగలేకపోయారా టీచర్ గారూ?" అన్నాడు ఫొటోస్టాట్ షాపాయన, వెళుతూ వెళుతూ. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు.

జనం పలచబడ్డాక పంచరు షాపతను టేబులు దగ్గరకు వచ్చాడు. మోకాళ్ళదాకా మట్టి.

"ఆటంతా నేనే ఆడానని రాశారాండీ?"

"రాశాను."

"చూపించండి."

పుస్తకం అతని వైపు తిప్పాను. ముందు పేజీ పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. తన పేరు దగ్గర ఆగి పక్కనున్న నంబరు చూశాడు. తర్వాత, నేను చెప్పకుండానే, పేజీ తిప్పి వెనకవైపు కూడా చదివాడు. అక్కడ ఏమీ రాసి లేదు. మళ్ళీ ముందుకు తిప్పి, పుస్తకం నా ముందు పెట్టి, షాపు తెరవాలని చెప్పి వెళ్ళిపోయాడు.