కేబుల్ వైరులో పిన్నీసు

నా చిన్నప్పుడు చైతన్యపురిలో ఏ మేడ ఎక్కి చూసినా యాంటెన్నాలే. వాటిలో సగానికి పైగా మా నాయిన కట్టినవే. ఆయన పైన గొట్టం తిప్పుతూ "ఒచ్చిందా?" అని అరిస్తే, కింద కిటికీ దగ్గర నిలబడి "ఇంకా చుక్కలే నాయినా, జర ఇటు!" అని జవాబిచ్చే ఉద్యోగం నాది. ఒకసారి యాంటెన్నా కట్టించుకుంటే చాలు, సర్కారు ఛానెల్ ఊరికే వచ్చేది. గాలివానకు గొట్టం పక్కకు తిరిగినప్పుడల్లా మా నాయినకు పిలుపు వచ్చేది. మా ఇల్లు ఆ పిలుపుల మీదే నడిచేది.

తర్వాత కేబుల్ వచ్చింది. నెలనెలా డబ్బు కట్టాలి గానీ, మీట నొక్కితే బోలెడు ఛానెళ్లు. మేడల మీదుగా నల్ల వైరు పాకుతుంటే, ఒక్కొక్క ఇంటివాళ్లూ నాయినను పిలవడం మానేశారు. చివరికి కోస్తా నుంచి వచ్చి మా పక్కింట్లో స్థిరపడిన అత్తయ్యగారు కూడా కేబుల్ పెట్టించుకున్నారు. "ఇక మీ నాన్నగారికి మేడలెక్కే శ్రమ తప్పిందిలే అమ్మా" అన్నారు, పాపం ప్రేమగానే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. నాయిన సగం అన్నంలోనే చేయి కడుక్కుని లేచిపోవడం వారం రోజులుగా చూస్తున్నాను మరి.

ఆ ఆదివారం పొద్దున ఎవరూ చూడకుండా మేడ ఎక్కాను. వీధి మొత్తానికి వెళ్లే కేబుల్ వైరు మా పిట్టగోడ మీదుగానే పోయేది. దానికి సూది గుచ్చితే లోపలి తీగ, దాని చుట్టూ వలలా ఉండే జాలీ కలిసిపోయి బొమ్మ ఆగిపోతుందని నాయిన పని చూసే నేర్చుకున్నాను. అమ్మ గాజులకు తగిలించుకున్న పిన్నీసు ఒకటి తెచ్చి కసిగా గుచ్చేశాను. కేబుల్ పాడైతే అందరూ మళ్లీ మా నాయిన దగ్గరికే వస్తారని నా తెలివి. పదేళ్ల తెలివి!

అరగంటలో వీధంతా గగ్గోలు. కేబుల్ నడిపే ఆయన ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చాడు. వచ్చి నేరుగా మా నాయిన మీద పడ్డాడు. "నీ గిరాకీ పోయిందని నా వైరు ఖరాబ్ చేసినవా? పోలీసులను పిలుస్త!" నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాయినను జైల్లో వేస్తారు, నా వల్లే వేస్తారు. చెప్పేద్దామని వచ్చి కూడా గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాయిన మాత్రం "నేను ముట్టలే అన్నా. పా, ఏడ పోయిందో చూస్త" అంటూ మేడ ఎక్కాడు. వెనకే కేబులాయన, ఆ వెనక గోడ పట్టుకుని నేను.

నాయిన వైరును వేళ్లతో తడుముకుంటూ వచ్చాడు. ఒక్కో అడుగూ దగ్గరవుతున్నాడు. పిన్నీసు దగ్గర ఆయన చేయి ఆగింది. తల తిప్పి నన్ను చూశాడు. నా ముఖం చూడగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. మెల్లగా పిన్నీసు లాగి పిడికిట్లో దాచాడు. పక్కింట్లోంచి "వచ్చిందండీ, బొమ్మ వచ్చింది!" అని అత్తయ్యగారి కేక వినిపించింది.

"ఏమైందట?" అన్నాడు కేబులాయన. ఎలుక కొరికిందంటే సరిపోయేది. చెప్పొద్దు నాయినా, చెప్పొద్దు అని లోపల మొక్కుకుంటూనే ఉన్నాను. నాయిన నన్ను తన వెనక్కి లాక్కుని పిడికిలి తెరిచాడు.

"మా బిడ్డ గుచ్చింది. తప్పు మాదే అన్నా."

కేబులాయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. నాయిన తలొంచుకుని అన్నీ పడ్డాడు. నా భుజం మీద ఆయన చేయి చల్లగా ఉంది, వణుకుతోంది. మా నాయినకు కూడా భయం వేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

వాళ్లు వెళ్లాక, ఎందుకు చెప్పావని ఏడుస్తూ అడిగాను. ఆయన కొట్టలేదు, కసరలేదు. "చెప్పకుంటే నువ్వు దినాం ఆ వైరును చూసి భయపడుతుంటివి బిడ్డా. నాకు గూడ భయమైంది. గని చెప్పే భయం ఒక్క పూటతోని పోతది" అన్నాడు.

యాంటెన్నాల పని ఎలాగూ నిలవలేదు. నాయిన మోటార్లు, ఫ్యాన్లు బాగుచేస్తూ నన్ను చదివించాడు. నేను నర్సునయ్యాను. చేరిన కొత్తలో ఒకసారి ఒక ముసలామెకు ఒక మందుకు బదులు మరొకటి ఇచ్చేశాను. ఎవరూ చూడలేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అయినా పరుగెత్తి డాక్టరు గది తలుపు తట్టాను. ముసలామె బతికింది. ఇన్నేళ్లయినా నాకు భయం తగ్గలేదు. అది తగ్గేదాకా ఆగడం మాత్రం మానేశాను. తప్పు జరిగితే, చేతులు వణుకుతుండగానే వెళ్లి చెప్పేస్తాను.