అత్త ఊపిరి తీసుకున్న చోట

పోయిన ఆదివారం మా ఊరి చర్చిలో ఆరాధన అయ్యాక, గుడ్ ఫ్రైడే నాడు పాడాల్సిన పాటకి ప్రాక్టీసు పెట్టుకున్నాం. పాడే అమ్మాయి గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదువుతోంది. గొంతు బాగుంటుంది, ఊపిరి అంతకన్నా బాగుంటుంది. చరణం మొత్తం రెండు గుక్కల్లో లాగేస్తుంది. కీబోర్డు మీద నేను. రెండో చరణం మధ్యలో ఆ పిల్ల ఆగిపోయి, ఎంతో మర్యాదగా, "ఆంటీ, ఏమనుకోకండి. అక్కడ గ్యాప్ లేదండీ. మీరు రన్ వేసేస్తుంటే నాకు పాడ్డానికి చోటుండట్లేదు" అంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పైగా బందరు హైస్కూల్లో ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని, నా తప్పు ఇంకొకరు దిద్దడం నాకు అలవాటు లేదు. అయినా ఆ పిల్ల అన్నది నిజమే కాబట్టి నోరు మూసుకుని మళ్ళీ పాడమన్నాను. మళ్ళీ అదే చోట నా కుడిచెయ్యి నన్ను అడక్కుండానే కదిలింది. మూడోసారి కూడా అంతే. ఆ పిల్ల నవ్వాపుకుంటూ పాటల పుస్తకంలోకి తల దించేసుకుంది. ఆ అమ్మాయికి తెలియదు గానీ, అక్కడ ఒకప్పుడు గ్యాప్ ఉండేది. అది మా మేనత్తది.

మా ఊరి చర్చి దివిసీమలో, అవనిగడ్డ దాటి ఇంకాస్త లోపలికి వెళ్ళాక వస్తుంది. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు గంటల నుంచి మూడింటి దాకా సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు వాక్యం చెబుతారు. ప్రతి మాటకీ ఒక పాట. ఐదోది దాహం మాట. ఆ తర్వాత పాట మా అత్తది. అది ఆవిడకి ఎవరూ రాసివ్వలేదు, నలభై ఏళ్ళుగా ఇంకెవరూ ముట్టుకోనూ లేదు. చిన్నప్పుడు మాకు వాక్యం సంగతి ఎలా ఉన్నా, అత్త లేచి కిటికీ పక్కన నిలబడి చీర కొంగు గుప్పిట్లో పట్టుకుందంటే ఇంక ఇంటికెళ్ళే వేళ దగ్గర పడిందని లెక్క. ఆవిడ ఏ వాయిద్యం కోసమూ ఆగేది కాదు. తనకి ఏ శృతి తోస్తే ఆ శృతిలో ఎత్తుకునేది, వాయించేవాళ్ళు వెనకాల పడి పట్టుకోవాల్సిందే. అత్త వయసులో ఉన్నప్పుడంతా రైసు మిల్లులో పనిచేసింది. ఆ ఊక దుమ్ము లోపలికి వెళ్ళి వెళ్ళి, అరవై దాటేసరికి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి. బందరు డాక్టరుగారు మెట్లెక్కవద్దన్నారు, పొయ్యి దగ్గర కూచోవద్దన్నారు, పాడొద్దన్నారు. మొదటి రెండూ ఆవిడ విన్నట్టే ఉంది.

ఒక ఏడాది ఆ పాట మధ్యలో ఆవిడకి ఊపిరి అందలేదు. దగ్గు తెర వచ్చి కిటికీ చువ్వ పట్టుకుని నిలబడిపోయింది. వెనక వరసలో ఒక ఆవిడ జాలిపడి వేరే పాట ఎత్తుకుంది, అందరూ అందుకున్నారు. అత్త వచ్చి కూచుంది. దగ్గు వచ్చినందుకు ఆవిడ బాధపడలేదు, ఆ జాలిని మాత్రం ఎన్నాళ్ళయినా మింగలేకపోయింది. మరుసటి ఏడు పాస్టరుగారు, మంచి మనిషే, పెద్దావిడకి శ్రమ ఎందుకు, ఆ పాట యూత్ పిల్లలు ట్రాక్ పెట్టుకుని పాడతారని అన్నారు. ఇంకొక్క ఏడాది చూడమని అత్త అడిగింది. సంఘపెద్దలు కూచుని ఒక మాట అనుకున్నారు. ఈసారి మధ్యలో ఆగకుండా పాడితే పాట ఆవిడదే, ఆగితే మాత్రం పిల్లలకిచ్చేయడమే.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలైన వారంలో అత్త ఎండు రొయ్యల పొట్లం పట్టుకుని బందరులో మా ఇంటికి వచ్చింది. మాది మొదటి అంతస్తు. ఎక్కి వచ్చి కుర్చీలో కూచుని, మాట రావడానికి అయిదు నిమిషాలు పట్టింది. వచ్చాక ఒక్కటే అడిగింది.

"నాకు ఊపిరి అందని చోట నువ్వు వాయించు. నేను ఆగినట్టు ఎవరికీ తెలియకూడదే."

నా వాయింపు ఎంతటిదో నాకు తెలుసు కదా. నాకు వచ్చిన స్కేలు ఒక్కటే, సి. ఎవరు ఏ శృతిలో పాడినా ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పెట్టె శృతిని పైకో కిందికో జరిపేసి, అవే తెల్లమెట్లు వాయించేదాన్ని. మా చర్చిల్లో సగంమంది చేసే పనే అది, ఎవరమూ బయటికి చెప్పుకోం. ఇక రన్ అంటే, పాటలో మాటకీ మాటకీ మధ్య ఖాళీలో స్వరాలు గబగబా ఎక్కో దిగో చేసే పరుగు. అవి నాకు నాలుగు వచ్చు, నాలుగూ లైను చివర వేసేవే, నాలుగూ ఫోన్లో చూసి బట్టీ పట్టినవే. ఆ రోజే అత్త చేత పాడించి చూశాను. మొదటిసారి పాటలో మూడో పదం దగ్గర ఊపిరి తెగింది. రెండోసారి అక్కడ సాఫీగా వెళ్ళి ఏడో పదం దగ్గర తెగింది. మూడోసారి మాట మధ్యలోనే. బట్టీ పట్టిన రన్ను ఎక్కడ పెట్టను? ఎక్కడ ఆగుతుందో పాడే మనిషికే తెలియని పాట అది. అక్కడికక్కడ పుట్టించి వాయించడం వస్తే తప్ప లాభం లేదు. చేతిలో ఉన్నది నలభై రోజులు.

ఎవరో చెబితే గుడివాడలో ఒక మాస్టారి దగ్గరికి వెళ్ళాను. వృత్తికి ఆయన లేడీస్ టైలరు. ముందు గదిలో మిషను, వెనక గదిలో కీబోర్డు, ఆ పక్కన వంటిల్లు. చుట్టుపక్కల పెద్ద ప్రార్థన కూటాలన్నింటికీ ఆయనే వాయించేవారు. వారానికి మూడు రోజులు స్కూలు వదలగానే బస్సెక్కేదాన్ని. దారి పొడుగునా హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని దాని మీద వేళ్ళు పరిగెత్తించేదాన్ని. గుడ్లవల్లేరులో ఎక్కే కాలేజీ పిల్లలు నాకేదో నరాల జబ్బు అనుకుని సీటు వదిలి నిలబడేవారు. ఉన్న మాట చెప్పాలంటే అది బాగానే ఉండేది.

మాస్టారు మొదటి రోజు చేసిన పని, మందుల షాపు నుంచి ప్లాస్టరు తెప్పించి ట్రాన్స్‌పోజ్ బటన్ మీద అతికించడం. ఇంట్లో నా కీబోర్డుకీ అదే చెయ్యమన్నారు. పన్నెండు స్కేళ్ళలోనూ వేళ్ళు నడవాలి, ఆ బటన్ జోలికి వెళ్ళనని మాటివ్వమన్నారు, ఇచ్చాను. రెండో వారం నుంచి అసలు పాఠం మొదలైంది. మాస్టారి భార్య వంటింట్లో వంట చేసుకుంటూ పాడేవారు. పోపులో ఆవాలు చిటపటలాడితే ఆగేవారు, పాలు పొంగొస్తే ఆగేవారు, పక్కింటావిడ పిలిస్తే పాట అక్కడే వదిలేసి వెళ్ళి మాట్లాడొచ్చి, వదిలిన మాట నుంచే అందుకునేవారు. అంతసేపూ నేను పాటని పడిపోకుండా నిలబెట్టాలి. నేను కంగారుపడి ముందుకెళ్ళిపోయేదాన్ని, ఆవిడ అందుకునేసరికి వేరే చోట ఉండేదాన్ని. లేదా బిక్కచచ్చి ఆగిపోయేదాన్ని. తరగతిలో పిల్లలు లెక్క తప్పు చేస్తే నేను ఎలా అరుస్తానో తలుచుకుని సిగ్గేసేది. మాస్టారు ఒక్కసారి కూడా అరవలేదు. ఒక సాయంత్రం నేను విసుగెత్తి, నా వల్ల కాదు, ఇంక రాను అనేశాను. ఆయన కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి వచ్చారు.

"మీరు వేళ్ళు చూసుకుంటున్నారు టీచరుగారూ. మనిషిని చూడండి. ఆవిడ మళ్ళీ అందుకునేదాకా ముందుకెళ్ళకూడదు, ఆగిపోనూ కూడదు. ఆవిడ ఏ స్వరం మీద దిగాలో ఆ స్వరం దగ్గర దీపం పట్టుకుని నిలబడాలి, అంతే."

ఆ రోజు నుంచి కీబోర్డు తలుపు వైపు తిప్పి, వంటింట్లో ఆవిడ భుజాలు చూస్తూ వాయించడం మొదలుపెట్టాను. గుడ్ ఫ్రైడే వచ్చేసరికి పది సార్లలో ఏడు సార్లు నిలబెట్టగలిగాను. మిగిలిన మూడూ తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు.

ఆ శుక్రవారం ఎండ మండిపోతోంది. చర్చి కిటకిటలాడుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. నాలుగో మాట తర్వాత యూత్ పిల్లలు పాడి, వాళ్ళ కుర్రాడు లేచి కీబోర్డు నాకిచ్చాడు. ఐదో మాట వాక్యం అయింది. అత్త లేచి కిటికీ పక్కకి వెళ్ళి కొంగు గుప్పిట్లో పట్టుకుంది. ఎత్తుకుంది. ఎప్పటికన్నా బాగా కింద శృతి. చెవితో పట్టుకుని, ఇదీ స్కేలు అనుకుని మూడు మెట్లు కలిపి నొక్కాను. పెట్టె ఇంకెక్కడో పలికింది. తలలు ఇటు తిరిగాయి. వేళ్ళు సరైన మెట్ల మీదే ఉన్నాయి, ఎందుకిలా? చూద్దును కదా, తెర మీద ప్లస్ రెండు. యూత్ కుర్రాడు తన పాట కోసం ట్రాన్స్‌పోజ్ జరిపి, అలాగే వదిలేసి వెళ్ళాడు. ఏ బటన్ ముట్టుకోనని మాటిచ్చానో ఆ బటనే నొక్కి సున్నా చేశాను. అత్త కిటికీ వైపే చూస్తూ పాడుతోంది, కనురెప్ప కూడా కదపలేదు.

మొదటి చరణంలో రెండుసార్లు ఆవిడ ఎడమ భుజం లేచింది. రెండుసార్లూ నా చెయ్యి వెళ్ళి ఖాళీని పూడ్చింది. ఆవిడ దిగాల్సిన స్వరం మీదే దిగింది. రెండో చరణం మధ్యలో, మాట సగంలో ఉండగా, గొంతు ఆగిపోయింది. రన్ వేశాను. దిగి స్వరం దగ్గర నిలబడ్డాను. ఆవిడ అందుకోలేదు. మళ్ళీ ఎక్కి దిగాను. అందుకోలేదు. పెదవులు విడిపోయి ఉన్నాయి, కళ్ళు నా మీదే ఉన్నాయి, ఛాతీలో పిల్లికూతలు నాకు వినిపిస్తున్నాయి. రెండో వరసలో సంఘపెద్ద ఒకాయన తల ఎత్తాడు. వెనక ఆ జాలిగల ఆవిడ గొంతు సవరించుకుంది. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే వేరే పాట ఎత్తుకుంటుంది, అత్త వచ్చి కూచుంటుంది, ఇంక ఎప్పటికీ లేవదు. అప్పుడు అర్థమైంది, గబగబా వాయిస్తూ ఆవిడని నేనే తొందరపెడుతున్నాను. ఊపిరి లేని మనిషిని పరిగెత్తమంటున్నాను. వేగం తగ్గించేశాను. ఆవిడ భుజం లేస్తే ఒక స్వరం ఎక్కాను, దిగితే ఒక స్వరం దిగాను. రన్ అనడానికి లేదు, నడక కూడా కాదది. అలా నాలుగు ఊపిరులు. ఐదో ఊపిరిలో అత్త, ఆ సగం మాటలో మిగిలిన సగం నుంచి అందుకుంది. చివరిదాకా పాడింది.

ఆరాధన అయ్యాక బయట పందిట్లో అందరం నిలబడ్డాం. ఆ సంఘపెద్ద అత్త దగ్గరికి వచ్చాడు.

"పాట బాగుందమ్మా. కానీ మీ మేనకోడలు ఆ పెట్టెతో ఒకటే గోల. మిమ్మల్ని పాడనిస్తేగా?"

అత్త నా వైపు చూడనైనా చూడలేదు. "అవునండీ, దానికి చిన్నప్పట్నుంచీ దూకుడెక్కువ. వచ్చే ఏడు తగ్గించమని చెప్తాను" అంది. ఆయన చెప్పండి, చెప్పండి అంటూ వెళ్ళిపోయాడు. వచ్చే ఏడు అన్న మాటకి ఎవరూ అడ్డు చెప్పలేదు. పక్కనే ఉన్న పాస్టరుగారు కూడా తల ఊపారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై రోజులు బస్సుల్లో పడి తిరిగితే నాకు దక్కిన బిరుదు ఇదా? అత్తతో మాట్లాడకుండా బస్టాపుకి వచ్చేశాను. ఆవిడ ఆగి ఆగి నడుచుకుంటూ వచ్చి, సిమెంటు బల్ల మీద నా పక్కన కూచుంది. చాలాసేపు ఊపిరి తీసుకుంటూనే ఉంది. తర్వాత నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, చిన్నప్పుడు జ్వరం తగ్గాక చేసినట్టు, ఒక్కొక్క వేలే లాగి మెటికలు విరిచింది. అయిదు వేళ్ళూ అయ్యాక ఎడమచెయ్యి కూడా ఇమ్మంది. నాకు ఏడుపొచ్చింది. బస్సు వచ్చినా ఎక్కలేదు, తర్వాత బస్సుకి వచ్చాను.

అత్త ఇంకో రెండేళ్ళు ఆ పాట పాడింది. రెండేళ్ళూ నాకు తిట్లు తప్పలేదు. మూడో ఏడు శ్రమకాలం రాకముందే వెళ్ళిపోయింది. ఇప్పుడు పాట ఈ ఇంజనీరింగ్ పిల్లకి వచ్చింది. ఆ చోట చెయ్యి ఎత్తి ఒళ్ళో పెట్టుకుంటానని మాటిచ్చాను, పెట్టుకుంటాను. ఆ పిల్ల ఆగదు, ఆగాల్సిన పనీ లేదు. అత్తతో గడిపిన ఏళ్ళు ఎటు పోయాయో తెలియదు గానీ, ఎవరికీ తెలియకుండా దాచిపెట్టిన ఆ నాలుగు ఊపిరుల సేపు మాత్రం నా చేతుల్లోనే ఉండిపోయింది.