ఉత్తరపు గాలికి ముందే

జేబెజ్ ట్రెగెన్జా ఇంగ్లండులోని కార్న్‌వాల్ రాగిగనుల నడుమ పుట్టి పెరిగినవాడు. యౌవనంలో ఓడనెక్కి దక్షిణ ఆస్ట్రేలియాకు వచ్చి, ఇక్కడి గనులలోనూ కొంతకాలం పలుగు పట్టి, పిదప మా పల్లెలో పొదలు నరికి గోధుమ వేశాడు. ఆదివారాలు ప్రార్థనమందిరంలో ఆయన ప్రసంగాలు విని ముగ్ధులైన మావాళ్లే ఆయనను రాజధాని అడిలైడ్‌లోని శాసనసభకు పంపారు. ఆ పదవికి జీతం లేదు. సభ సాగినన్నాళ్లూ సేద్యపు భారమంతా భార్య థమ్సిన్‌దే.

ఆ యేడు రైలుదారి తగవు సభకెక్కింది. ఆ దారి మా పల్లె మీదుగా కాక తిన్నగా రేవుకు పోతేనే జిల్లాకంతటికీ మేలని నమ్మి, జేబెజ్ మాకు ప్రతికూలంగా ఓటు వేశాడు. సరిగా అప్పుడే కోతలు వచ్చాయి.

గోధుమ వెన్నులను దువ్వి గింజ రాల్చుకునే మా కోతబండి, గింజ గలగలమనేలా ఎండితే గాని పనిచేయదు. ఎండిన తరువాత ఆలస్యమైతే, ఎడారినుంచి వీచే ఉత్తరపు వడగాలి ఆ గింజనంతా నేలపాలు చేస్తుంది. యజమాని ఊళ్లో లేనప్పుడు ఇరుగుపొరుగువారు అతని చేనే ముందుగా కోయడం మావారి ఆచారం. అయినా, ఓటు వేసి ఊరిని నొప్పించిన తనకు ఆ ఆచారం వర్తించదని తలచి, జేబెజ్ సిగ్గుతో ఎవరికీ కబురైనా పంపలేదు. కోత థమ్సిన్ ఒక్కతెవల్ల అయ్యే పని కాదు; ఏడాది తిండీ, మరుసటి విత్తనమూ ఆ చేనిలోనే ఉన్నాయి. సభ ముగిశాక, దారి పొడవునా వడగాలి ముఖాన కొడుతుండగా ఊరికి వచ్చి, ఆశ వదులుకునే గుర్రపుబండి దిగాడు.

గట్టుమీద పొరుగు రైతు హన్నిబాల్ రోస్కిల్లీ ఎదురయ్యాడు.

"ఏం బాబాయ్, మాకు రైలు లేకుండా చేసి నువ్వు మాత్రం దర్జాగా బండెక్కి వచ్చావే!"

"చేను రాలిపోయిందా, హన్నిబాల్?"

"రాలడానికి ఏముందక్కడ? నిన్ననే దువ్వేశాం. బస్తాలు కొట్లో ఉన్నాయి, పోయి చూసుకో."

జేబెజ్ టోపీ తీసి ముఖం తుడుచుకున్నాడు. "నామీద కోపం లేదట్రా?"

"ఎందుకు లేదూ! పీకలదాకా ఉంది. ఈసారి నీకు ఒక్క ఓటు పడితే అడుగు!"

కుంకుమపువ్వు రొట్టెల బుట్టతో వస్తున్న థమ్సిన్ ఆ మాట విని నవ్వింది. "ఆ మాటమీదే ఉండు నాయనా. ఇంద, ఇంకో రొట్టె తిను."

తరువాత వచ్చిన ఎన్నికలో జేబెజ్ ఓడిపోయాడు. ఫలితం చెప్పిన పెద్దమనిషి ఓదార్చబోగా, "తొలివాన పడిందండీ, విత్తాలి," అని గుర్రాన్ని ఇంటిదారి పట్టించాడు. మరుసటి కోతలకు తన కోతబండిని ముందుగా హన్నిబాల్ చేనిలోకే తోలాడు.