అత్తయ్య పెట్టిన కాపడం

మాది ఆత్రేయపురం. ఇంట్లో మిషను మీద బట్టలు కుట్టి కుట్టి రెండేళ్లుగా నడుంనొప్పితో బాధపడుతున్న నన్ను, కిందటేడు మా అత్తయ్యే పట్టుబట్టి రాజమండ్రిలో ఫిజియోథెరపీకి తీసుకెళ్లారు.

అక్కడి అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, వేడినీళ్లలోంచి తీసిన ప్యాక్‌ను మందపాటి తువ్వాళ్లలో చుట్టి నడుం మీద పెట్టి, పక్క గదిలోకి వెళ్లింది. అత్తయ్య తువ్వాళ్ల మీద చెయ్యి వేసి చూశారు.

"ఇదేం కాపడమే అమ్మాయ్? అసలు వేడే లేదు!" అంటూ తువ్వాళ్లు ఊడదీసి, ఆ ప్యాక్‌ను నేరుగా నా నడుముకు అద్దేశారు.

వంగి చెంబు తీయలేని దాన్ని, కెవ్వున అరిచి ఒక్క గెంతులో మంచం దిగి, చీర చుట్టుకుంటూ హాల్లోకి వచ్చి పడ్డాను. అక్కడ కూర్చున్న పెద్దాయన, నా అరుపు విని పరిగెత్తుకొచ్చిన ఫిజియో అమ్మాయితో ఆశగా, "అమ్మా, ఆవిడకి చేసిందేదో నాకూ చేసేయండి" అన్నారు. అందరూ ఒకటే నవ్వు. నాకు తల కొట్టేసినట్టయింది.

కోపంగా వెనక్కి తిరిగాను. ఆ ప్యాక్‌ను ఉత్త చేతులతో పట్టుకుని, బిక్కమొహంతో గుమ్మంలో నిలబడి ఉన్నారు అత్తయ్య.

"కాలిందా అమ్మా? నాకేం తెలీలేదే..."

ఫిజియో అమ్మాయి కంగారుగా దాన్ని లాక్కుని ఆవిడ అరచేతులు చూసింది. ఎర్రబడను కూడా లేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ కాలే కుండ మీద పూతరేకులు తీసిన చేతులవి. నా కోపం అక్కడే చల్లారిపోయింది.

ఇప్పుడు ఇంట్లో రోజూ నాకు కాపడం పెట్టేది అత్తయ్యే. కాకపోతే తన చేతిని నమ్మరు. వేడినీళ్ల సంచీని ముందు తన బుగ్గకు ఆనించుకుని, కాసేపు కళ్లు మూసుకుని చూశాకే నా నడుం మీద పెడతారు.