పడవ అంచు దాకా

శుక్రవారం, ఉదయం ఆరుంబావు. మా రేవులో నా చేపల గంపను నేనే నేల మీద నుంచి ఎత్తి పడవ అంచు మీద పెట్టాను. ఎవరూ చెయ్యి వేయలేదు. చూసినవాళ్ళు రెండు మాటలనుకుని వాళ్ళ పనిలో పడ్డారు. నాకు మాత్రం అది రెండు మాటలతో పోయే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మా రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు జతలుగా ఉంటారు. ఇసుకలోకి ఆటో రాదు. పడవ దగ్గర వేలంలో పాడుకున్న చేపను గంపకెత్తి, ఇసుక దాటి తారురోడ్డు దాకా తల మీదే మోయాలి. నిండు గంపను ఒక్క మనిషి నేల మీద నుంచి తల మీదికి ఎత్తుకోవడం కష్టం. అందుకని ఇద్దరూ కలిసి ముందు ఒకరి గంపను పడవ అంచు మీద పెడతారు. అంచు మనిషి రొమ్ము ఎత్తున ఉంటుంది. తర్వాత రెండో గంపను నేరుగా రెండో ఆమె తల మీదికి ఎత్తుతారు. అంచు మీది గంప కిందికి మొదటి ఆమె తనే తల పెట్టి లేపుకుంటుంది. ఈ రోజు అంచు వంతు నీదైతే రేపు నాది. జతలో ఒకరు రాకపోతే రెండో ఆమెకు ఆ రోజు తిప్పలే.

నా జత మా తోడికోడలు. నాకన్నా పెద్దది. మొగుళ్ళిద్దరూ పోయాక కూడా మా జత పోలేదు. ఆమె నోరు మంచిది కాదు, నాదీ కాదు. "ఎత్తుమే, చేప మెత్తబడినాక ఎత్తుతావా" అని రోజూ అనేది. నేను రోజూ "నీ చేతులు యాడ పెట్టుకోనుండావు, ముందు నువ్వెత్తు" అనేదాన్ని. పోయిన వానల్లో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది. సాయంత్రం లేపితే లేవలేదు.

నాకు పిల్లలు లేరు. ఈ మాట ఒకసారి చెప్పి వదిలేస్తున్నాను.

దినాలయ్యాక రేవుకు పోయాను. మొదట్లో అందరూ వచ్చి నా గంపకు చెయ్యి వేశారు. తర్వాత తర్వాత వాళ్ళ గంపలు తలల మీదికి చేరాక, తీరిక దొరికితే వచ్చేవాళ్ళు. తప్పు పట్టను. చేప ఎండకు ఆగదు, ఆటో నిండితే ఆగదు. నేను నా గంప పక్కన నిలబడి చూస్తుండేదాన్ని. అడగడం నాకు చేతకాదు. వలలు దులిపే మగవాళ్ళలో ఎవరో ఒకరు కనికరించి ఎత్తేసరికి ఆటో వెళ్ళిపోయేది. రెండో ఆటోలో కావలి మార్కెట్టుకు చేరేసరికి మంచి బేరాలు అయిపోయేవి.

ఆటోలో ముందు సీటులో కూర్చునే ఆమె ఒకతె ఉంది. నాకన్నా చిన్నది, నన్ను పిన్నీ అంటుంది. ఆటోలో ఎవరెక్కాలో ఎవరు ఆగాలో ఆమె మాటే. ఒకరోజు నా దగ్గరికి వచ్చింది.

"ఎందుకు పిన్నీ నీకీ తిప్పలు? ఇంటికాడ కూర్చోని ఎండుచేప చూసుకోరాదా. నీకెవురుండారు తినేదానికి?"

"నాకు నేనుండాను. నాకు కడుపు ల్యా?"

"కోపం దేనికి. వేట బంద్ అయిపోయి మళ్ళీ పడవలు దిగేటప్పుడు ఆటోలో సీట్లు చూసుకోవాల గదా. అందుకని అడిగినా."

నాకు అర్థమైంది. ఎండాకాలంలో వేట ఆపేస్తారు. మళ్ళీ మొదలైనప్పుడు ఆటోలో నాకు చోటు ఉండదు. ఎండుచేప పని తక్కువదని కాదు. ఇంటి ముందు చేప పరిచి కూర్చుంటే పొద్దున నుంచి పొద్దుగూకే దాకా కాకుల్ని తోలడమే. ఆటోలో అయితే వాళ్ళు నన్ను ఏదో అంటారు, నేను వాళ్ళను ఏదో అంటాను. నా రోజు మొత్తానికి మాట్లాడేది ఆ దారిలోనే. అది పోతే నా నోరు తెరిచే పని ఉండదు. ఈ మాట ముందు సీటామెతో అనలేదు. ఎట్లా అంటారు?

ఆ రోజే ఇంటికి పోయి పాత గంపలో ఇసుక నింపాను, నిండుగా. ఇన్నేళ్ళు మోసినదాన్ని, బరువు సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. నడుము వంచి రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజాను. గంప కదల్లేదు కానీ నడుములో ఏదో పట్టేసింది. వంగినదాన్ని వంగినట్టే పక్కకు పడ్డాను. పక్కింటి కోడలు రొయ్యల కంపెనీలో డ్యూటీ దిగి వచ్చి చూసేదాకా అట్లాగే ఉన్నాను.

ఆమే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఎముకకు ఏమీ కాలేదు, కండ పట్టింది అన్నాడు డాక్టరు. మందులు రాసి, "రెస్టు తీసుకోమ్మా" అన్నాడు.

"రెస్టు తీసుకుంటే బలమొస్తాదా సార్?"

ఆయన నవ్వాడు. "నొప్పి పోవడానికి రెస్టు. బలానికి, నొప్పి పోయాక చిన్న చిన్నగా ఎక్సర్‌సైజులు చెయ్యాలి. ఒక్కసారే ఎత్తితే మళ్ళీ నా దగ్గరికే వస్తావు."

ఇంటికి వచ్చేటప్పుడు పక్కింటి కోడలు అంది. "అత్తా, నేను గూడా ఫోన్లో అవే చూస్తుండా. కంపెనీలో నిలబడి నిలబడి కాళ్ళు లాగేస్తుండాయి. టైము ల్యానోళ్ళు ఇంట్లోనే చేసుకునేటియంట. ఇద్దరం చేద్దాం."

నడుము సర్దుకున్నాక ఒక ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీద కూర్చుని చూశాం. ఫోన్లో ఒకతను ఇనుప గుండ్లు పట్టుకుని నిలబడ్డాడు. చేతులు తాటిమొద్దుల్లా ఉన్నాయి. పైన 'కొత్తవారికి' అని రాసి ఉంది.

"ఈయన కొత్తోడా?"

"ఆయన నేర్పేటాయన అత్తా."

"నేర్చుకునేటోళ్ళను చూపించమను. ఈయనకు వొచ్చని కనపడతానే ఉంది గదా."

ఆమె పడీపడీ నవ్వింది. ఇంకొకటి తీసింది, అందులో ఎగురుతున్నారు. ఇంకొక దాంట్లో నేల మీద బోర్లా పడుకుని లేస్తున్నారు. "అది వొద్దు. నేను పడుకుంటే నన్ను లేపేదానికి ఇంకో మనిషి కావాల" అన్నాను. తీయగా తీయగా ఒక ముసలామె దొరికింది. స్టూలు మీద కూర్చుని లేస్తోంది. నేర్పే అతను పక్కన నిలబడి గబగబా మాట్లాడుతున్నాడు, సగం ఇంగ్లీషు. కింద తెలుగులో అక్షరాలు పోతున్నాయి.

నేను అక్షరాలు నేర్చుకుంది నడివయసు దాటాక, బడి వరండాలో పెద్దవాళ్ళకు రాత్రి పూట చెప్పినప్పుడు. మా తోడికోడలు రాలేదు. "చేపకు చదువెందుకు" అంది. నేను చదవగలను, కానీ అక్షరం నిలబడాలి. పరిగెత్తే అక్షరం నాకు అందదు.

"ఆపు. చదవనీ."

"నువ్వు చదివేలోపల నా డ్యూటీ టైమైపోద్దత్తా" అంటూనే వేలితో ఆపింది.

కూడబలుక్కుని చదివాను. మొదట తక్కువ బరువు. వీపు వంచకండి. కాళ్ళ బలంతో లేవండి.

రెండోసారి చదివాను. అప్పుడు తెలిసింది నాకు. తల మీద మోయడం నాకు వచ్చు. మెడ గట్టిది, నడక గట్టిది. కానీ నేల మీద నుంచి పైకి తేవడం అనేది నేను ఒక్కదాన్నే ఎప్పుడూ చేయలేదు. ఏ రోజూ చేయలేదు. ఎత్తిన ప్రతి గంపలో సగం మా తోడికోడలు ఎత్తింది. ఆ సగాన్ని కూడా నా బలమే అనుకుని ఇసుక గంప మీద పడ్డాను.

ఎంచుకోవడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. నాకు పనంతా పక్కన పెట్టి ఇవి చేసే తీరిక లేదు. మార్కెట్టు నుంచి వచ్చి, మిగిలిన చేప కడిగి ఉప్పు పెట్టి, వండుకుని తినేసరికే పొద్దు పోతుంది. అన్నం ఉడికేలోపు అయిపోయేవి కావాలి. కొత్తగా కొనే వస్తువు ఉండకూడదు. నా గంపకు పనికి రావాలి. ఈ మూడింటికీ సరిపోయినవి కొన్నే మిగిలాయి. స్టూలు మీద కూర్చుని, చేతులు ఊనకుండా లేవడం. గోడకు ఎదురుగా నిలబడి అరచేతులు ఆనించి, గోడను నెట్టినట్టు ముందుకు వంగి వెనక్కి రావడం. రెండు నీళ్ళ డబ్బాలు రెండు చేతులా పట్టుకుని వాకిట్లో నడవడం. చివరిది, ఒక డబ్బాలో కాస్త ఇసుక పోసి, కాళ్ళు వెడంగా పెట్టి, పొట్టకు దగ్గరగా పట్టుకుని నేల మీద నుంచి స్టూలు మీదికి చేర్చడం. ఒకరోజు చేస్తే మరుసటి రోజు మానాలని అందులోనే ఉంది. అది నాకు నచ్చింది. మానడం కూడా పనిలో భాగమని నాకు ఎవరూ చెప్పి ఉండలేదు.

పక్కింటి కోడలు కొన్నాళ్ళు నాతో చేసింది. తర్వాత కంపెనీలో రాత్రి డ్యూటీ వేశారు. "రేపు చేస్తాలే అత్తా" అనేది. పాపం, నిద్ర మొహంతో అనేది. ఆ రేపు రాలేదు. ఫోను కూడా ఆమెతోనే పోయింది. ఇక నేనూ, స్టూలూ, గోడా.

పొయ్యి మీద అన్నం పెట్టి వాకిట్లో మొదలుపెట్టేదాన్ని. మొదట్లో తొడలు వణికేవి. గోడ దగ్గర చేతులు వణికేవి. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి చెప్పుకోలేదు. నొప్పి మరీ ఉంటే ఆ రోజు ఇసుక తీసేసేదాన్ని. బాగుంటే ఇంకో చెంబు పోసేదాన్ని. స్టూలు మీదికి తేలికైనాక రోలు మీదికి, ఆ తర్వాత పక్కింటి ప్రహరీ మీదికి. ఆ గోడ దాదాపు పడవ అంచు అంత ఎత్తు ఉంటుంది. ఒకరోజు డబ్బా పైకి పోతుంటే నా నోట్లో నుంచి "ఎత్తుమే" అని వచ్చింది. పక్కకు చూశాను. దండెం మీద నా చీరే ఆరుతోంది. డబ్బా దించి లోపలికి పోయి అన్నం చూశాను. అడుగంటింది.

ఎండలు ముదిరాయి. ఇంకొన్నాళ్ళలో వేట బంద్. డబ్బా పోయి గంప వచ్చింది. గంపలో ఇసుక సగం దాటింది. తర్వాత నిండింది. అయినా ఇసుక వేరు, చేప వేరు. చేప జారుతుంది, నీళ్ళు కారుతాయి.

ఆ శుక్రవారం వలలో కానాగంత చేపలు పడ్డాయి. నేనూ ఒక గంప పాడుకున్నాను. జతలు ఎత్తుకోవడం మొదలుపెట్టాయి. నేను ఎవరి వైపూ చూడలేదు. పడవకు దగ్గరగా గంపను జరుపుకున్నాను. కాళ్ళు వెడంగా పెట్టాను. ఇసుకలో మడమలు దిగేదాకా నిలదొక్కుకున్నాను. పొట్టకు ఆనించుకుని కాళ్ళతో లేచాను. తొడ మీద ఒక క్షణం ఆపాను. చేపనీళ్ళు రవిక లోపలికి కారాయి. మళ్ళీ ఒక్క ఊపు. గంప అడుగు పడవను గీసుకుంటూ పోయి అంచు మీద కూర్చుంది. రెండు చేతులూ దాని మీదే పెట్టి ఊపిరి తీసుకున్నాను. తర్వాత గంప కిందికి తల పెట్టి లేపుకున్నాను. ఆ భాగం నాకు ఎప్పుడూ వచ్చు.

ముందు సీటామె చూసింది. "ఓయమ్మ, మా పిన్నికి ఇంకెవురితోనూ పన్ల్యా."

"ఏం తింటుండావు పిన్నీ?" అంది ఆమె చెల్లెలు.

"మీ ఇంటి కూడు కాదులే" అన్నాను. అందరూ నవ్వారు. మొదటి ఆటోలోనే పోయాను. దారి పొడుగునా మాట్లాడాను. దిగేటప్పుడు ముందు సీటామె, "వేట మొదలైనాక గూడా నీ సీటు నీదేలే" అంది.

నేను కోరుకున్నది ఇదే. దొరికింది. దొరకలేదని అంటే అబద్ధం.

కానీ ఆ రోజు నుంచి ఎవరూ నా గంప దగ్గరికి రారు. రావలసిన పని లేదు కదా. అంతకు ముందు ఆలస్యంగానైనా, తిట్టుకుంటూనైనా ఒకరు వచ్చేవాళ్ళు. గంప అంచు మీద నా చేతి పక్కన ఇంకొక చెయ్యి ఉండేది. గాజులు నా మణికట్టుకు తగిలేవి. ఇప్పుడు అందరూ ఇద్దరిద్దరు వంగి ఇద్దరిద్దరు లేస్తారు. నేను ఒక్కదాన్ని వంగి ఒక్కదాన్ని లేస్తాను. స్టూలు దగ్గర నేర్చుకున్నదే రేవులోనూ చేస్తున్నాను. మానలేదు, మానను. మానితే సీటు పోతుంది.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నవాళ్ళు వీళ్ళు. ముందు సీటామె, ఆమె జతగా ఆమె చెల్లెలు. చేపను ప్లాస్టిక్ గంపలో మోసే ఇంకొకామె, ఆమె జతగా ఆమె ఆడబిడ్డ. వేలం పాడించే పడవ యజమాని. వల దులుపుతున్న అన్నదమ్ములిద్దరు. రోడ్డు మీద ఆటో అతను, దిగి రాలేదు, అద్దంలో చూశాడట. నేను.