ముందు చెప్పులేసుకోండి

మా మేనత్త ఎవరితోనైనా వాదనకు దిగేముందు చెప్పులేసుకునేది. ఆవిడ కాళ్ళకు చెప్పులు కనబడ్డాయంటే ఇక ఎదుటివాళ్ళు ఓడిపోయినట్టేనని ఉయ్యూరులో మా వీధంతటికీ తెలుసు.

తొంభైల్లో ఒక చలికాలం పొద్దున, మావయ్య చెరకు ట్రాక్టరుతో ఫ్యాక్టరీ ముందు వరసలో ఉన్నాడు. తెల్లవార్లూ కాస్తే దగ్గరపడిన వంతు అది. వదిలితే మళ్ళీ చివరికే. క్యారేజీ తెచ్చిన అత్తయ్యకి ఆయన చొక్కా చెమటతో తడిసి కనిపించింది. గుండె బరువుగా ఉందనీ, ఎడమ చెయ్యీ దవడా లాగుతున్నాయనీ చెప్పాడు.

"గ్యాసేలేవే. సోడా తాగితే పోద్ది."

"ఈ చలిలో చెమటేంటండీ? గ్యాసో గుండో డాక్టరు చెప్తాడు. ముందు చెప్పులేసుకోండి."

"వంతు పోద్దే!"

"చెరకు రేపైనా ఆడిస్తారు. పదండి."

దారినపోయే కారుకి అడ్డం నిలబడి ఆపి, ఆయన్ని బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గుండెపోటే. వేళకి వచ్చారు కాబట్టి బతికాడు.

మరుసటేడు అదే వరసలో మావయ్య ట్రాక్టరు మీద కులాసాగా కూర్చున్నాడు, వంతు దగ్గరపడింది. ముందున్న బండాయన గుండెలు రుద్దుకుంటూ సోడా కోసం కేకేశాడు. పక్కనున్న అత్తయ్య ఇంకా నోరు తెరవనేలేదు. మావయ్య చెప్పులేసుకుని కిందికి దూకాడు.